పేర్లు కదలని పట్టిక

సెప్టెంబరు 26, శుక్రవారం ఉదయం 7:10కి రోబెర్టా ఆబెండ్రాత్ తన మూడో తరగతి పిల్లల చదువు పరీక్ష మార్కులను కంప్యూటర్‌లో ఎక్కువ నుంచి తక్కువకు పేర్చింది. మార్కుల వరుస కదిలింది. పక్కనున్న పేర్ల వరుస కదల్లేదు. ఆమె కాఫీ తెచ్చుకోవడానికి లేచింది.

హాజరు పట్టీలో ఉన్నట్టే పేర్లు ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షర క్రమంలో, A నుంచి Z దాకా ఉన్నాయి. మొదట కోడీ అబర్నాతీ, చివర టెస్ జిలిన్‌స్కీ. ఆ ఉదయం నుంచి తరగతిలో అందరికంటే బాగా చదివేది కోడీ, అందరికంటే వెనకబడింది టెస్. ఎనిమిదింటికల్లా గోడ మీద కార్డులు అంటించేసింది. పైన ఆరు ఆకుపచ్చవి, కింద ఆరు ఎర్రవి, మధ్యలో మిగతావి. ఎర్రకార్డు పిల్లలు రోజూ బొమ్మలు వేసే క్లాసు మానుకుని రోబెర్టా దగ్గర కూర్చుని ‘పిల్లి చాప మీద కూర్చుంది’ చదవాలి.

మరుసటి వారం టెస్ బల్ల కింద నాలుగు వందల పేజీల పుస్తకంతో దొరికింది.

"బొమ్మలు చూస్తున్నావా తల్లీ?"

"ఇందులో బొమ్మల్లేవు మిస్."

చదువుతున్నట్టు నటిస్తోందని రోబెర్టా నోట్సులో రాసుకుంది.

టెస్ తండ్రి కంగారుపడి కూతుర్ని కళ్ల డాక్టరుకు చూపించాడు. చూపులో కాస్త తేడా ఉందని తేలింది, కళ్లద్దాలు వచ్చాయి. "చూశారా, మార్కులు అబద్ధం చెప్పవు" అంది రోబెర్టా. కోడీ తల్లి గుమ్మడికాయ బ్రెడ్ చేసి తెచ్చి, "వీడికి చదువు రాదని మా అత్తగారు ఎప్పుడో తేల్చేసిందండీ!" అని ఏడ్చింది. కోడీకి లావు పుస్తకం ఇచ్చి అందరికీ చదివి వినిపించమన్నారు. ఆరు వారాల్లో అతనికి పదకొండు సార్లు గొంతు నొప్పి వచ్చింది.

అక్టోబరు చివర్లో ప్రిన్సిపాల్ హాల్వర్సన్ గదిలోకి వచ్చాడు. "పిల్లల మార్కుల్ని బట్టి జిల్లా మొత్తం టీచర్లకి ర్యాంకులిచ్చారు. నువ్వే ఫస్టు! సర్టిఫికెట్ పట్టుకుని ఆట్ మేడమే స్వయంగా వస్తోంది."

నవంబరు 7న జిల్లా విద్యాధికారి విల్మా ఆట్ గోడ ముందు నిలబడి టెస్‌ని పిలిచింది.

"ఎర్రకార్డుల్లో ఎవరెవరున్నారమ్మా?"

"హాజరు పిలిస్తే చివర పలికే వాళ్లమే మేడమ్. వాన్స్, వోగెల్, వెబర్, విల్కాక్స్, యోడర్, నేను."

రోబెర్టా ఎర్రకార్డులు చూసింది. తర్వాత ఆకుపచ్చవి చూసింది. అవీ హాజరు పట్టీ వరుసే. ఆట్ చేతిలో సర్టిఫికెట్ ఉంది. విషయం ఇంకెవరికీ తట్టలేదు. వెనక బల్ల దగ్గర కోడీ అప్పుడే గొంతు పట్టుకున్నాడు.

"పేర్లు వదిలేసి మార్కులు పేర్చాను మేడమ్. ఈ గోడంతా తప్పే."

"ఇప్పుడే చెప్పాలా?" అని హాల్వర్సన్ గుసగుసలాడాడు.

"ఆరు వారాలుగా ఒక పిల్లాడు చదవలేక కూర్చున్నాడు సర్. ఇంకెప్పుడు చెప్పను?"

ఆట్ సర్టిఫికెట్‌ను సంచీలో పెట్టుకుంది. "మా ఆఫీసులో ఇలాంటివి జరగవు. మేం టీచర్ల ర్యాంకుల జాబితా ఎలా చేస్తామో చూసి నేర్చుకో" అని ఒక కాగితం అందించింది.

రోబెర్టా చదివింది. మొదట తన ఇంటిపేరు ఆబెండ్రాత్, తర్వాత బాక్స్‌టర్, క్రౌలీ, డన్. అట్టడుగున జిమ్మర్. జిమ్మర్ పేరు పక్కన, వచ్చే ఏడాది ఉద్యోగం పొడిగించవద్దని రాసి ఉంది.

ఆమె కాగితం హాల్వర్సన్‌కి ఇచ్చింది. అతను చదివి ఆట్‌కి ఇచ్చాడు. ఆట్ రెండుసార్లు చదివి, మడిచి, కారు ఎక్కడ పెట్టానో అంటూ వెళ్లిపోయింది.

భోజనాల వేళ రోబెర్టా కోడీ పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది.

"తప్పు నాదిరా. నీకు చదవడం రావట్లేదని నేను కనిపెట్టాల్సింది. నువ్వయినా చెప్పొచ్చుగా?"

"మీరు వచ్చన్నారుగా మిస్" అన్నాడు కోడీ. "వస్తుందేమోనని చూస్తున్నా."

ఆమె లావు పుస్తకాన్ని అతని ముందు నుంచి తీసేసింది.

సాయంత్రం నాలుగింటికి జిల్లా ఆఫీసు నుంచి తొమ్మిది పాఠశాలలకూ మెయిలు వచ్చింది. ఉత్తమ టీచర్ల ప్రకటన వాయిదా పడింది. కారణం రాయలేదు.

సోమవారం ఉదయం 9:40కి కోడీ ‘పిల్లి చాప మీద కూర్చుంది’ అని చదివాడు. నాలుగు నిమిషాలు పట్టింది. గొంతు నొప్పి అనలేదు.