ఆషాఢంలో ఒకే గేటు

ఎనిమిదింటికి గేటు. ఎనిమిదీ అయిదుకు బట్టలు మార్చుకునే గది. ఎనిమిదీ పన్నెండుకు సుడిగుండం జారుడుబల్ల, మొదటిసారి. ఎనిమిదీ ఇరవై అయిదుకు మళ్ళీ అదే, రెండోసారి. పద్మజ ఈ పట్టికను పాత నోటుపుస్తకం చివరి పేజీలో మూడు రంగుల పెన్నులతో రాసుకుంది. ఎనిమిదీ నలభైకి మూడోసారి అని రాసి, దాని చుట్టూ పూలతీగ కూడా గీసింది.

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే రోడ్డులో కొత్తగా వెలిసిన ‘అల్లరి అలలు’ అనే నీటి పార్కు మామూలుగా పదింటికి తెరుస్తారు. పదిన్నరకల్లా సుడిగుండం దగ్గర వరస క్యాంటీను దాటిపోతుంది. ఆదివారాల్లో మాత్రం, ముందుగా బుక్ చేసుకున్న అరవై మందిని ఎనిమిదింటికే లోపలికి వదులుతారు. ఆ రెండు గంటలూ వరసలుండవు, తోపులాట ఉండదు. జారడం, మెట్లెక్కడం, మళ్ళీ జారడం. జారేది ఒక పెద్ద రబ్బరు చక్రంలో. అందులో ఇద్దరు కూర్చోవాలి, ముందొకరు, వెనకొకరు.

పద్మజకు ఆ వెనక కూర్చునే మనిషి కావాలి. పెళ్ళయి నలభై రోజులైతే అందులో పద్దెనిమిది రోజుల్ని ఆషాఢం మింగేసింది. కొత్త కోడలని ఆమెను రేపల్లెలో పుట్టింటికి పంపేశారు. విత్తనాల కంపెనీలో పనిచేసే ఆమె భర్త కృష్ణచైతన్య తెనాలిలో తల్లిదండ్రుల దగ్గర ఉండిపోయాడు. ఈ నెలంతా అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు. కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. పోనీ వీడియో కాల్‌లో చూసుకుందామంటే పద్మజ తల్లి కనకరత్నం పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ, "అల్లుడుగారు చిక్కారే" అంటుంది. అందుకే ఆ రెండు గంటల్ని దంపతులిద్దరూ ఎవరికీ చెప్పకుండా సంపాదించుకున్నారు.

తల్లికి చెప్పడానికి పద్మజ ఒక అబద్ధం తయారుచేసుకుంది.

"బాపట్లలో శ్రీజకి పాప పుట్టిందమ్మా. ఆదివారం ఫస్టు బస్సుకెళ్ళి చూసొస్తా."

"పసిపిల్లని చూట్టానికి తెల్లారకుండా బయల్దేరతారేంటే?"

"ఎండెక్కకుండా వచ్చేద్దామని."

ఆ అబద్ధం బాగానే నిలబడింది. కూలింది తెనాలిలో.

కృష్ణచైతన్యకు అబద్ధాలు రావు. రైతుల మీటింగుంది, బాపట్ల వెళ్ళాలని ఎలాగో చెప్పాడు. ఆదివారం తెల్లవారుజామున అతని తల్లి లక్ష్మీతిరుపతమ్మ, పాపం కొడుకు మీటింగుకు వెళ్తున్నాడు కదా అని చొక్కా ఇస్త్రీ చేయబోయి, జేబులో మడతపెట్టిన కాగితం చూసింది.

"ఒరే చైతన్యా, రైతుల మీటింగు కాగితం మీద జారుడుబల్ల బొమ్మేంట్రా?"

కృష్ణచైతన్య నోట్లో బ్రష్షు ఉంది.

"ఇద్దరికి అని కూడా ఉంది. రెండోది ఎవరికి?"

అతను నురగ ఉమ్మేసి, "నీకేనమ్మా" అన్నాడు. ఎందుకన్నాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

లక్ష్మీతిరుపతమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మీ నాన్న నన్ను తీసుకెళ్ళిన కొత్త చోటు గుంటూర్లో పళ్ళ డాక్టరు దగ్గరికొక్కటే. ఉండు, పులిహోర కలుపుతా" అంటూ వంటింట్లోకి నడిచింది. కాదమ్మా అనడానికి కృష్ణచైతన్యకు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో పోపు చిటపటలాడింది. అతను ఫోను తీసుకుని భార్యకు మెసేజి పెట్టాడు: "మా అమ్మ కూడా పార్కుకి వస్తోంది. నువ్వు బస్సెక్కకు. ఎక్కినా ఆవిడ కంట పడకు. తర్వాత అన్నీ చెప్తా."

రేపల్లెలో పద్మజ స్నానం చేస్తోంది. ఆమె ఫోను వంటింట్లో, కాఫీ గిన్నె పక్కన, చార్జింగులో ఉంది. కాఫీ గిన్నె దగ్గర కనకరత్నం ఉంది.

పద్మజ బయటికొచ్చేసరికి తల్లి చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"శ్రీజకి పుట్టింది పాపా, పార్కా?"

పద్మజ తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. కానీ కనకరత్నం కోపం అబద్ధం మీద కాదు.

"కంట పడకంటాడా? నా కూతురేమన్నా దొంగతనం చేసిందా, వాళ్ళమ్మకి కనపడకుండా దాక్కోటానికి? పద. నేనూ వస్తున్నా."

"రెండే టికెట్లమ్మా."

"నేను జారటానికి రావట్లేదే. అడగటానికి వస్తున్నా."

రేపల్లె నుంచి చెరుకుపల్లి దాకా కనకరత్నం వియ్యపురాలిని అడగవలసిన ప్రశ్నలు పైకే వల్లెవేసింది. చెరుకుపల్లి నుంచి బాపట్ల దాకా వాటికి ఆవిడ చెప్పబోయే జవాబులు కూడా తనే చెప్పుకుని, ఆ జవాబులకు మళ్ళీ కోపం తెచ్చుకుంది. కిటికీ పక్కన పద్మజ పళ్ళు బిగించి కూర్చుంది. తల్లి మీద కోపం, భర్త మీద కోపం, ప్రతి స్టేజీలోనూ ఆగుతున్న బస్సు మీద కోపం. అయినా పట్టికలో ఇంకా ఏమీ చెడలేదు.

ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా ఆటో పార్కు ముందు ఆగింది. గేటు దగ్గర కృష్ణచైతన్య, తను ఏరికోరి కొనిపెట్టిన నీలం చొక్కాలో కనబడేసరికి పద్మజ కోపం మొత్తం మరిచిపోయింది. అతని వెనక నుంచి స్టీలు క్యారేజీతో లక్ష్మీతిరుపతమ్మ బయటపడగానే మళ్ళీ గుర్తొచ్చింది.

"ఏంటమ్మాయ్, నువ్విక్కడ?" అంది అత్తగారు.

"అది నేను చెప్తా వదినగారూ." కనకరత్నం ముందుకొచ్చింది. "మా అమ్మాయి మీ కంట పడకూడదని అల్లుడుగారు మెసేజి పెట్టారు. పడిందిగా. ఇప్పుడేం చేస్తారు?"

"నేనేం చేస్తానండి? మా వాడు నన్ను సరదాగా తీసుకొచ్చాడు, వచ్చాను."

గేటు చూసుకునే నాంచారయ్య అప్పుడే జాబితా తెరిచాడు. "కృష్ణచైతన్యగారూ, పద్మజగారూ. ఇద్దరండి. పద్మజగారెవరండి?"

నాంచారయ్య అడగవలసిన ప్రశ్నే అడిగాడు. లక్ష్మీతిరుపతమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నాకేనన్నావుగా."

కృష్ణచైతన్య క్యారేజీ వైపు చూశాడు.

"పులిహోర కలిపేటప్పుడన్నా చెప్పలేదేంట్రా? పోపులో జీడిపప్పు కూడా వేశానే."

ఎనిమిదీ పది. పద్మజ గొంతు తగ్గించుకుని, "తప్పు మాదే అత్తయ్యగారూ. మీరూ అమ్మా ఈ బెంచీ మీద కూర్చోండి. మేమిద్దరం పదింటికల్లా వచ్చేస్తాం" అంది.

"ఆషాఢంలో ఇద్దరూ కలిసి వెళ్తారా?" అన్నారు వియ్యపురాళ్ళిద్దరూ ఒక్కసారే. ఆ ఉదయం వాళ్ళు ఏకీభవించిన మొదటి మాట అది.

"అయితే ఆయనా అత్తయ్యగారూ వెళ్తారు."

"ఆ టికెట్టు నీ పేరు మీదుందే," అంది కనకరత్నం.

"అయితే నువ్వూ నేనూ వెళ్దాం."

"బుక్ చేసింది మా వాడమ్మాయ్," అంది లక్ష్మీతిరుపతమ్మ.

నాంచారయ్యకు వాళ్ళ వెనక మరో పది మంది నిలబడి ఉండడం కనబడుతోంది. పెద్దమనిషి తరహాగా కల్పించుకున్నాడు. "అత్తాకోడళ్ళు వెళ్ళండమ్మా. చూట్టానికి ముచ్చటగా ఉంటది."

నలుగురూ అతని వైపు ఒకేలా చూశారు.

"నువ్వు ఏ ఊరయ్యా?" అంది కనకరత్నం. "ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటతారా?"

"గడపెక్కడుందండి పిన్నిగారూ? ఇది గేటండి."

కనకరత్నం వంగి చూసింది. గేటు జరగడానికి నేలలో బిగించిన ఇనప పట్టీ రెండంగుళాలు పైకి లేచి ఉంది. దానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు, మధ్య మధ్య కుంకుమ బొట్లు.

"గడప కాకపోతే పసుపెవరు రాశారు?"

"ప్రారంభం రోజున నేనే రాశానండి," అన్నాడు నాంచారయ్య గర్వంగా. అన్న తర్వాత అతని ముఖం మారిపోయింది.

పంపుల గది పక్కనుంచి పనివాళ్ళు వచ్చే దారి ఇంకోటుందని, ఒకరు ఇటు, ఒకరు అటు వస్తే సరిపోతుందని అతను చెప్పి చూశాడు. నా కూతురు దొడ్డిదారిన రావాలా అని కనకరత్నం అడిగింది. అయితే నన్ను రమ్మంటారా అని లక్ష్మీతిరుపతమ్మ అడిగింది. కొత్త కోడలు దొడ్డిదారిన వస్తే ఇంటికి అరిష్టమని ఒకరు, పెద్దముత్తైదువని పంపుల గదిలోంచి రమ్మంటే మర్యాద కాదని ఒకరు. వాళ్ళను తప్పించుకుంటూ మిగతా పది మందీ, తర్వాత ఇంకో ఇరవై మందీ, చిన్నపిల్లలతో సహా, పసుపు గడప దాటి లోపలికి పరుగెత్తారు. లోపలి నుంచి నీళ్ళ చప్పుడు, కేరింతలు వినబడసాగాయి. పద్మజ పట్టికలో మొదటిసారి పోయింది. రెండోసారి పోయింది. పూలతీగ గీసిన మూడోసారి కూడా వచ్చి, వెళ్ళిపోతోంది.

"చాలు," అంది పద్మజ.

గట్టిగా అనలేదు. కానీ నాంచారయ్య కూడా పెన్ను ఆపాడు.

"పద్దెనిమిది రోజుల నుంచి మీరు చెప్పిందల్లా విన్నాను. గడప దాటద్దంటే దాటలేదు. ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుంటే ఊరుకున్నాను. నాకు కావాల్సింది రెండే రెండు గంటలు. అందులో ముప్పావుగంట మీరిద్దరూ నిలబడే తినేశారు. ఆ మిగిలిందీ మీరే తీసుకోండి. వియ్యపురాళ్ళు ఒకే గడప దాటకూడదని ఏ శాస్త్రంలోనూ లేదుగా? వెళ్ళండి. వెళ్ళి ఆ సుడిగుండంలో పోట్లాడుకోండి."

అది ఒట్టి కోపంలో అన్న మాట. కానీ నాంచారయ్య అలాంటి మాట కోసమే ఎదురుచూస్తున్నాడు. ఎవరూ నోరు తెరవకముందే ఆడవాళ్ళిద్దరి మణికట్లకూ కాగితం పట్టీలు అంటించి, జాబితాలో ‘ఇద్దరు లోపలికి’ అని రాసేసుకున్నాడు.

"మీకు భయమైతే మానేయండి వదినగారూ," అంది లక్ష్మీతిరుపతమ్మ.

"నాకెందుకండి భయం? మీ నడుం చూసుకోండి."

ఇద్దరూ కుడికాలు ముందు పెట్టి, ఒకరికంటే ఒకరు వెనకబడకుండా, ఒకేసారి గడప దాటారు.

పద్మజ చెప్పుల స్టాండు పక్కన సిమెంటు బెంచీ మీద ఒక చివర కూర్చుంది. కృష్ణచైతన్య క్యారేజీ పట్టుకుని రెండో చివర కూర్చున్నాడు.

"నీకేనమ్మా అన్నారా?"

"నోట్లో నురగుంది."

"నురగుంటే నీకేనమ్మా అని వస్తుందా నోట్లోంచి?"

అతను క్యారేజీ మూత తీసి, "పులిహోర తింటావా?" అన్నాడు.

వద్దనాలనే అనుకుంది. తెల్లవారుజామున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. తింది. పులిహోర చాలా బాగుంది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

అప్పుడు పైనుంచి పెద్ద కేక వినబడింది. ప్రహరీగోడ మీదుగా కనిపిస్తున్న జారుడుబల్ల మీద నారింజరంగు చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ దిగుతోంది. ముందు కనకరత్నం, వెనక లక్ష్మీతిరుపతమ్మ. ఇద్దరూ పార్కువాళ్ళిచ్చిన నీలం నైలాను దుస్తుల్లో ఉన్నారు. "వదినగారూ, వదలమాకండి" అన్న కేక, "మిమ్మల్నెందుకు వదుల్తానండి" అన్న కేక, ఆ తర్వాత దబ్బున నీళ్ళు.

"ఏదన్నా అయితే?" అని పద్మజ లేచి నిలబడింది. మూడు నిమిషాల్లో వాళ్ళిద్దరూ చక్రాన్ని చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కుతూ కనబడ్డారు. మళ్ళీ దిగారు. మళ్ళీ ఎక్కారు.

"నాలుగోసారి," అంది పద్మజ పళ్ళ మధ్య నుంచి. "నా పట్టికలో కూడా మూడే ఉన్నాయి."

కృష్ణచైతన్యకు నవ్వొచ్చింది. నవ్వకూడదని క్యారేజీ మూతతో ముఖం కప్పుకున్నాడు. మూత వణుకుతోంది. అది చూసి పద్మజ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పగిలిపోయి, పొలమారి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతను దగ్గరికి జరిగి ఆమె తల మీద తట్టాడు, గడ్డానికి అంటుకున్న మెతుకు తీసేశాడు. సముద్రం వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. గంట దాటినా పక్కన ఎవరూ గోరుచిక్కుళ్ళు తుంచలేదు.

"మీరు నిజంగానే చిక్కారు," అంది.

పదింటికి జనం తోసుకొచ్చారు. ఆ జనానికి ఎదురుగా వియ్యపురాళ్ళు, తడిజుట్టు ముడులు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికొచ్చారు. పద్మజ, కృష్ణచైతన్య గబుక్కున బెంచీ చివరలకు జరిగారు.

"ఆ రెండో మలుపులో కళ్ళు మూసుకోకూడదు వదినగారూ," అంటోంది కనకరత్నం. అంతలో బెంచీ వైపు చూసి ఆగింది. "ఇంతసేపూ మీరిద్దరూ ఇక్కడే ఉన్నారా?"

పద్మజ తల్లి చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది. "మీ సంచులకి కాపలా ఉన్నామమ్మా."

లక్ష్మీతిరుపతమ్మ కోడలి బుగ్గ నిమిరింది. "మా తల్లే. వచ్చే ఆదివారం కూడా వస్తావా అమ్మాయ్? సంచులు చూసుకునే మనిషుంటేగాని నాకు చక్రం మీద మనసు నిలవదు."

"ఒక్కతే ఎట్లా కూర్చుంటుందండి?" అంది కనకరత్నం. "అల్లుడుగారు కూడా రావాలి."

రేపల్లె బస్సులో కనకరత్నం కిటికీకి తల ఆనించి వెంటనే నిద్రపోయింది. పద్మజ ఫోను తీసి, వచ్చే ఆదివారం ఎనిమిదింటికి తల్లి పేరు మీదా అత్తగారి పేరు మీదా రెండు టికెట్లు బుక్ చేసింది. గడప దాటడం గురించి పెద్దలు చాలా చెప్పారు గానీ, ఇవతలి బెంచీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.