పన్నెండో మొదటి సీజన్

ఒక పెద్ద అడవిలో వానలు పట్టుకుంటే నాలుగు నెలలు వదిలేవి కావు. బయట అడుగు పెడితే మోకాలిలోతు బురద. అందుకని అక్కడి జంతువులు కొండ కింద గుహలో బంతాట ఆడేవి. బంతి అంటే ఎండిన వెలగకాయ. జట్టుకి ఆరుగురు. కాయ గోడకి తగిలి వెనక్కొచ్చినా ఆట ఆగదు, పైకప్పుకి తగిలి ఎవరి నెత్తిన పడ్డా ఆగదు. మధ్యలో ఆగిపోయేవల్లా లీగులే.

ఆ గుహలో డిప్పయ్య అనే తాబేలు గోలుకీపరు. గుహకి ఆ చివర ఒక బొరియ, ఈ చివర ఒక బొరియ, అవే గోలుపోస్టులు. ఈ చివరి బొరియ డిప్పయ్య డిప్పకి కొలత తీసినట్టు సరిపోయేది. ఆయన అడ్డంగా కూర్చున్నాడంటే వెలగకాయ కాదు కదా, రేగుగింజ కూడా లోపలికి దూరేది కాదు. పరిగెత్తడం ఎలాగూ చేతకాదు కనుక, కదలకుండా ఉండటాన్నే ఒక విద్యగా సాధన చేశాడు.

ఆయన అప్పటికి పదకొండు సీజన్లు ఆడాడు. పదకొండూ మొదటి సీజన్లే. ఆ అడవిలో ఏ లీగూ రెండో సీజన్ మొహం చూసి ఎరగదు. మొదట "అఖిల అటవీ గుహబంతి లీగు" పుట్టింది. మూడు వారాలకి అది చీలి "అసలైన అఖిల అటవీ గుహబంతి లీగు" అయింది. మరుసటేడు "అసలు సిసలైన" వచ్చింది. ఆ పైన విశేషణాలు దొరక్క, పాత పేర్లనే మళ్ళీ మొదటినుంచి వాడుకోవడం మొదలెట్టారు.

ఇక జట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఏనుగుదిబ్బ పులులు" అనే జట్టులో నాలుగు కుందేళ్ళు, ఒక ముంగిస, డిప్పయ్య. ఆ పులులు వారం తిరక్కుండా "పాలవాగు గండభేరుండాలు" అయ్యాయి. టేకాకులతో చొక్కాలు కుట్టేది సూదమ్మ అనే కుట్టుపిట్ట. చొక్కా అంతా గట్టి కుట్టు వేసి, జట్టు పేరు మాత్రం పైపైన తగిలించేది.

"అదేంటే, గట్టిగా ఊపిరి పీలిస్తే ఊడిపోతోంది పేరు?" అని డిప్పయ్య ఒకసారి అడిగాడు.

"ఎల్లుండికి ఎలాగూ ఊడదియ్యాలి కదా బాబాయ్. గట్టిగా కుట్టి నాకెందుకు ముక్కు నొప్పి?" అంది సూదమ్మ.

ఒక ఏడు మరీ విడ్డూరం జరిగింది. ఆట సగంలో ఉండగా అవతలి జట్టు కీపరు ముళ్ళపంది వేరే లీగుకి వెళ్ళిపోయాడు. పెద్దలు గుసగుసలాడుకుని, విరామంలో డిప్పయ్యని ఆ జట్టుకి మార్చేశారు. ఆయన పాత జట్టుకి ఒక కుందేలుని నిలబెట్టారు. విరామం తర్వాత జట్లు చివరలు మార్చుకుంటాయి కదా, అంచేత డిప్పయ్య అంగుళం కూడా కదలక్కర్లేకపోయింది. అదే బొరియ, అదే తాబేలు. చొక్కా మాత్రం మారింది. మొదటి సగంలో ఎవరి కోసం కాయ ఆపాడో, రెండో సగంలో వాళ్ళు కొట్టిన కాయే ఆపాడు. ఆట అయ్యాక రెండు జట్లూ వచ్చి ఆయనకి దండం పెట్టాయి. మర్నాటికి రెండు జట్లూ లేవు.

ఇన్ని తిప్పలు ఆయన ఎందుకు పడ్డాడంటే, ఒక రాయి కోసం.

గుహ వాకిట్లో నున్నటి శిలాఫలకం ఒకటి ఉంది. మొదటి లీగు పెట్టిన రోజున దాని పై సగంలో "ప్రారంభకులు" అనీ, కింది సగంలో "మొదటి ఆట నుంచి ఫైనల్ దాకా ఒక సీజన్ పూర్తిగా ఆడిన క్రీడాకారులు" అనీ చెక్కించారు. పై సగంలో పదకొండేళ్ళ ప్రారంభకులు ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారు. కింది సగంలో గీత కూడా పడలేదు. డిప్పయ్య రోజూ ఆటకి వచ్చేటప్పుడు ఆ ఖాళీ చోటుని ఒకసారి తాకి లోపలికి వచ్చేవాడు. తాబేళ్ళు వందల ఏళ్ళు బతుకుతాయి, ఒక్కళ్ళ పేరూ ఎక్కడా ఉండదు. తన పేరు అక్కడ పడాలని ఆయన ఆశ. ఆ ఒక్కటి తప్ప ఆయనకి వేరే కోరికే లేదు.

పదకొండో సీజన్‌లో ఆ ఆశ గుమ్మం దాకా వచ్చింది. డిప్పయ్య జట్టు ఫైనల్‌కి చేరింది. మర్నాడు ఫైనల్ అనగా లీగు అధ్యక్షుడు కొంగ ధవళేశ్వర్రావుగారికీ, ఉపాధ్యక్షుడు ఎలుగుబంటి జాంబన్నగారికీ పేచీ వచ్చింది. పేచీ ఫైనల్ గురించి కాదు. వచ్చే ఏడాది ప్రారంభోత్సవంలో గుమ్మానికి రిబ్బనులా కట్టే తిప్పతీగని ఎవరు కత్తిరించాలని.

"ఈ ఏడు మీరే కత్తిరించారు కదండీ," అన్నాడు జాంబన్న.

"అది ఈ లీగుకి. వచ్చే ఏడు ఈ లీగు ఉంటుందని మీకెవరు చెప్పారు?" అన్నాడు కొంగ.

కొంగ మామూలు రోజుల్లో కూడా ఒంటికాలి మీదే ఉంటాడు. ఆ రోజు నిజంగానే ఒంటికాలి మీద లేచాడు. ఉన్న ఆరు జట్లలో మూడింటిని వెంటబెట్టుకుని జాంబన్న వెళ్ళిపోయాడు. ఫైనల్ ఆడాల్సిన అవతలి జట్టు అందులోనే ఉంది.

డిప్పయ్యకి ఏడుపొచ్చింది. తల లోపలికి లాక్కుని మూడు రోజులు బయటికి తియ్యలేదు. నాలుగో రోజు సూదమ్మ వచ్చి డిప్ప మీద వాలింది.

"ఎన్నాళ్ళిలా బాబాయ్? ఇంకో లీగు పుడుతుందిలే."

"పుట్టడానికేం, పుడుతూనే ఉంటాయి. ఒక్కటైనా సవ్యంగా ముగియదేమే?" లోపలినుంచి గొంతు వచ్చింది.

"ముగిస్తే ఎవరికేం ఒరుగుద్ది చెప్పు. మొదలెట్టినోడికి దండ, ఉపన్యాసం, రాయి మీద పేరు. ముగించినోడికి ఏముంది? చీపురు. గుహంతా ఊడ్చుకోవాలి."

డిప్పయ్య మెల్లిగా తల బయటపెట్టాడు. "ముగించినవాడికీ దండ వేస్తేనో?"

కొంగ ఉండే మడుగు దాకా నడవడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. ఒకందుకు మంచిదే అయింది, దారిలో మాటలు కూడబలుక్కున్నాడు.

"అయ్యగారూ, ప్రారంభకులు మన అడవిలో కోకొల్లలు. ముగించిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఆ పేరు రాయి మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటే ఎలా ఉంటుందంటారు?"

కొంగ ఒక కన్ను తెరిచాడు. "ఎంత పెద్ద అక్షరాలు?"

"బారెడండీ."

రెండో కన్ను కూడా తెరిచాడు. "దండో?"

"మొగలిపూలతో."

డిప్పయ్య తిరిగి ఇల్లు చేరేలోపే సంగతి అడవంతా పాకింది. జాంబన్న తన మూడు జట్లతో పరిగెత్తుకొచ్చి కొంగని కావిలించుకున్నాడు. కొంగ ఎముకలు పటపటమన్నాయి. ఇద్దరూ కలిసి లీగు మొదలుపెట్టాలనీ, ముగింపు ఎవరు ప్రకటిస్తే వాళ్ళ పేరు బారెడు అక్షరాల్లో చెక్కాలనీ తీర్మానమైంది. ముగిసేదాకా లీగుని కంటికి రెప్పలా కాపాడతామని ఇద్దరూ ప్రమాణాలు చేశారు. డిప్పయ్యకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గంతెయ్యాలనిపించింది. తాబేలు కాబట్టి ఊరుకున్నాడు.

మళ్ళీ వానలు పట్టుకోగానే పన్నెండో మొదటి సీజన్ వైభవంగా మొదలైంది. తిప్పతీగని ఒక చివర కొంగ, ఒక చివర జాంబన్న కత్తిరించారు. తర్వాత అధ్యక్షులవారు లాంఛనంగా కాయని తన్నాలి. పెద్దలు తన్నే తొలి తన్నుకి కీపరు పక్కకి తప్పుకోవడం అక్కడి రివాజు. అది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, మర్యాద.

కొంగ తన పుల్లలాంటి కాలితో తన్నాడు. వెలగకాయ దొర్లుకుంటూ దొర్లుకుంటూ వచ్చి సగం దూరంలో ఆగిపోయింది. ఒక ఉడత వెనకనుంచి నెట్టింది. ఆటలో అంగుళం కదలని డిప్పయ్య, పెద్దాయన మొహం చూసి, నాలుగడుగులు పక్కకి జరిగాడు. కాయ బొరియలో పడింది. గుహ దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ఆయన మళ్ళీ వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ఆట మొదలైంది.

ఫైనల్ నలభయ్యో రోజున అని కార్యక్రమంలో ఉంది. ఆసనం మీద కూర్చున్న జాంబన్నకి అనుమానం పుట్టింది. నలభై రోజులు ఈ కొంగతో వేగాలా? మధ్యలో ఏ రోజైనా తనే ముగించేస్తే? లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సభికులకు మనవి. ఫైనల్ ఇరవయ్యో రోజుకి జరిపాం!"

కొంగ లేచాడు. "పదో రోజుకి!"

"ఎల్లుండికి!"

"రేపటికి!"

ఆటగాళ్ళు కాయ వదిలేసి తలలు పైకెత్తి చూస్తున్నారు. జాంబన్న గుండెలు బాదుకుంటూ అరిచాడు. "ఇప్పుడు జరుగుతోందే, ఈ ఆటే ఫైనల్! దీన్ని ఇంతటితో నేను ముగిస్తున్నాను!"

కొంగ తొందరపడలేదు. రెక్కలు సర్దుకుని, ఎంతో శాంతంగా అన్నాడు. "మీరు ఆలస్యంగా లేచారు జాంబన్నగారూ. ఫైనల్ పొద్దున్నే అయిపోయింది. నేను తన్నాను, గోలు పడింది, సభంతా చప్పట్లు కొట్టింది. ఇంకా ఫైనల్ అంటే వేరే ఏముంటుందండీ?"

అలవాటు చొప్పున అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ అడవి చరిత్రలో మొట్టమొదటిసారి ఒక లీగు సంపూర్ణంగా ముగిసింది. మధ్యాహ్నం తిండివేళకి ఎవరి గూటికి వాళ్ళు చేరారు.

డిప్పయ్య మాత్రం కొంగ దగ్గరికి వెళ్ళాడు. "అయ్యగారూ, అయితే నేను మొదటి ఆట నుంచి ఫైనల్ దాకా ఆడినట్టే కదండీ. రాయి మీద నా పేరు..."

"నువ్వెక్కడ ఆడావు డిప్పయ్యా?" అన్నాడు కొంగ, ఎంతో జాలిగా. "తన్నింది నేను. నువ్వు పక్కకి తప్పుకున్నావు. అందరూ చూశారు."

"మర్యాదకి తప్పుకున్నానండీ!"

"ఆ మర్యాద నాకు నచ్చింది. ఎప్పుడూ అలాగే ఉండు."

డిప్పయ్యకి ఒళ్ళు మండిపోయింది. అంత కోపం ఆయనకి ఏనాడూ రాలేదు. కానీ తాబేలు కోపం నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. చేసేదేమీ లేక రాయి పక్కనే తల లోపలికి లాక్కున్నాడు.

జాంబన్న అలగడంతో రాజీ కుదిరింది. కొంగ పేరు బారెడు, జాంబన్న పేరు బారెడు, ఇద్దరి ఇంటిల్లిపాదివీ మూరెడేసి. వడ్రంగిపిట్ట చెక్కడం మొదలెట్టాడు. క్రీడాకారుల కోసం ఉంచిన కింది సగమంతా నిండిపోయింది. ఇంకా ముగింపు ఉత్సవ సంఘం వాళ్ళ పేర్లు తొమ్మిది మిగిలాయి. రాతి మీద చెక్కీ చెక్కీ పాపం అతని ముక్కు మొద్దుబారింది. చుట్టూ చూశాడు. పక్కనే నున్నగా, గుండ్రంగా, కదలకుండా మరో ఫలకం కనిపించింది.

"డిప్పయ్యగారూ, మీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగాడు. లోపలినుంచి జవాబు రాలేదు. అభ్యంతరం లేదని సంఘం అక్కడికక్కడే తీర్మానించింది.

మర్నాడు పొద్దున సూదమ్మ వచ్చింది. అప్పటికి డిప్పయ్య తల బయటపెట్టాడు.

"సూదమ్మా, నా వీపు నాకు కనపడదు. ఏదో చెక్కారు. కాస్త చదివి పెట్టవే."

సూదమ్మ డిప్ప మీద అటూ ఇటూ నడుస్తూ చదివింది. "ముగింపు మహోత్సవ సంఘం. ఆహ్వానం, తొండ. అలంకరణ, నెమలి. మంచినీళ్ళు, కప్ప. చప్పట్లు, కోతి..." తొమ్మిది పేర్లూ అయ్యాయి.

"అంతేనా? నా పేరు లేదా?"

సూదమ్మ అంచు దాకా వెళ్ళి వంగి చూసింది.

"ఉంది బాబాయ్. అట్టడుగున, చిన్న అక్షరాల్లో."

డిప్పయ్య మెడ ఉన్నంతా బయటికి సాగింది. పన్నెండేళ్ళ ఆశ ఆ కళ్ళలో తడిగా మెరిసింది. "ఏమనుందే?"

"స్థలం: డిప్పయ్య."

మరుసటి వానలకి పదమూడో మొదటి సీజన్ మొదలైంది. ఈసారి తిప్పతీగని డిప్పయ్య వీపుకి కట్టి కత్తిరించారు.

నీతి: ఆట నిలబడాలంటే గట్టి వీపున్నవాడు ఒకడుండాలి, పేరు నిలబడాలంటే ఆ వీపు మనది కాకుండా ఉండాలి.