నూనె తాగిన రాయి

ఆ ఉదయం జియాలజిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. రాళ్ళపెట్టె ఆఫీసు ల్యాబులో అప్పగించాలి, మీటింగులో నివేదిక చదవాలి, చీవాట్లు పెడితే తినాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి.

చీవాట్లు ఖాయమని ఆమెకు తెలుసు. భూమి లోతుల్లోంచి తీసిన నల్లటి షేల్ రాయి అది. అందులో చమురు ఉంది. కానీ పిసినారి పిడికిలిలా బిగుసుకుని ఒక్క చుక్క వదలదు. లోపల సన్నటి పగుళ్ళుంటే చమురు దారి చూసుకుని బయటికి వచ్చేది. అవి ఉన్నట్టు ఆధారం దొరకలేదు. ఈ రోజు ఛైర్మన్ తవ్వొద్దంటే, ఏళ్ళ తరబడి ఆమె నమ్ముకున్న స్థలం కథ కంచికే.

నిన్న సాయంత్రం గోదాము నుంచి తెచ్చిన పెట్టె రాత్రంతా హాల్లోనే ఉంది. మామగారు దాన్ని మోసుకొచ్చి కార్లో పెట్టారు. కుట్టుమిషన్లు బాగుచేసి రిటైరైన మనిషి.

"ఇప్పుడిక ఫర్వాలేదులేమ్మా" అన్నారు తృప్తిగా.

ఏమిటి ఫర్వాలేదో అడిగే తీరిక ఆమెకు లేదు.

ల్యాబు ఇన్‌చార్జి గదిలో లైట్లు ఆర్పి, రాయి మీద అతినీలలోహిత దీపం వేశాడు. నూనె ఉన్నచోట రాయి మెరవాలి. మామూలుగా అక్కడో చుక్క, ఇక్కడో చుక్క మెరుస్తుంది. ఈ రాయి ట్యూబులైటులా వెలిగింది.

"మేడమ్, ఇది రాయి కాదు. నూనెలో నానబెట్టిన స్పాంజి."

"మళ్ళీ చూడండి."

"చూశాను. నాకు చెమటలు పడుతున్నాయి."

ఆమె ఆగమనే లోపే అతను తవ్వకాల చీఫ్‌కు ఫోన్ చేసేశాడు. కింది అంతస్తులో 'నూనె మెరిసింది' అన్న వార్త, మధ్య అంతస్తుకు 'నూనె కారింది' అయింది. ఛైర్మన్ గది చేరేసరికి 'నూనె ఎగజిమ్మింది' అయి కూర్చుంది. వెనకాల అందరూ తుపాను అని పిలుచుకునే ఛైర్మన్, మీటింగు హాల్లోకి పరుగులాంటి నడకతో వచ్చాడు. భాగస్వాములు అప్పటికే కుర్చీలు ముందుకు లాక్కుని కూర్చున్నారు.

"ఎంత పల్చగా ఉందో చూడండి. శుద్ధి కూడా చేయక్కర్లేదట" అన్నాడు ఛైర్మన్, రాయి చేత్తో పైకెత్తి.

"నేరుగా ఇంజన్లో పోసుకోవచ్చు సార్" అన్నాడు చీఫ్. "ఒక్క బావితో సరిపెట్టడమేంటి, ఇరవై తవ్వుదాం."

"బావి తవ్వే రిగ్గు బుక్ చేసేశా" అన్నాడో భాగస్వామి, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

రాయి చేతులు మారుతూ జియాలజిస్టు దగ్గరికి వచ్చింది. ఆమె వాసన చూసింది. ముడి చమురు వాసన కాదు. ఎక్కడో బాగా పరిచయమున్న వాసన. కిర్రుమనడం మానేసిన తమ ఇంటి వీధితలుపు వాసన. వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"మామయ్యా, ఆ రాళ్ళకేమైనా పూశారా?"

"పాపం ఎండిపోయి బూడిద కొట్టుకుపోతున్నాయమ్మా. మిషన్ నూనె కాస్త పట్టించా."

"కాస్త అంటే ఎంత?"

"మిగిలిందే కాస్త."

ఆమె తిరిగి వచ్చేసరికి ఛైర్మన్ కలం తీశాడు. ఇరవై బావుల కాగితం మీద సంతకానికి చెయ్యి వంగింది. నోరు మూసుకుంటే కల నిజమవుతుంది. తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. కలం కాగితాన్ని తాకింది.

"సార్, ఆపండి. ఆ నూనె భూమిలోది కాదు. మా మామగారిది."

ఛైర్మన్ తలెత్తాడు. "మీ మామగారికి బావులున్నాయా?"

"కుట్టుమిషన్ నూనె సార్."

ఛైర్మన్ కలానికి మూత పెట్టాడు.

"నాకు ముందే అనుమానం వచ్చింది సార్" అన్నాడు చీఫ్.

"ఇరవై అన్నది నువ్వే కదయ్యా."

సరిగ్గా అప్పుడే ల్యాబు ఇన్‌చార్జి, దీపమూ రెండు రాతి ముక్కలూ పట్టుకుని ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. "సార్, ఇంకో రాయిని నిలువునా కోశాను. నడిమధ్యలో కూడా మెరుస్తోంది."

"అది మిషన్ నూనేనట. వెళ్ళి నీళ్ళు తాగు" అన్నాడు ఛైర్మన్.

జియాలజిస్టు మాత్రం చటుక్కున ముందుకొచ్చింది. "నడిమధ్యలోనా?"

ముక్కలు లాక్కుని దీపం కింద పెట్టి, భూతద్దం కంటికి ఆనించింది. పైన పూసిన నూనె ఒక్క రాత్రిలో అంత లోపలికి ఎలా పోయింది? అక్కడ వెంట్రుక కంటే సన్నటి గీతలు, వల అల్లినట్టు మెరుస్తున్నాయి. వాటి అంచుల్లో తెల్లటి ఖనిజపు పూత. కారు కుదుపులకు పడిన పగుళ్ళయితే ఆ పూత ఉండదు. ఇవి భూగర్భంలో ఏ కాలంలోనో పడినవి. ఇన్నేళ్ళూ మామూలు వెలుతురులో ఎవరి కంటికీ ఆనలేదు.

"సార్, పగుళ్ళు" అంది. "లోపలికి పోయే దారుంటే, బయటికి వచ్చేదీ ఆ దారినే. ఈ రాయి చమురు వదులుతుంది. ఎంత వదులుతుందో తవ్వితేనే తెలుస్తుంది."

ఛైర్మన్ భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చీఫ్ వైపు చూశాడు. తర్వాత కాగితం మీద ఇరవై కొట్టేసి ఒకటి వేసి, సంతకం పెట్టాడు.

సాయంత్రానికి అనుమతి పత్రం చేతికొచ్చింది. అందులో మొదటి షరతు, రాతి నమూనాలు ఇకపై ఎవరింట్లోనూ రాత్రి బస చేయరాదు.