పన్నెండూ గాల్లోనే

గస్తీ ఓడల మీది చిన్న డ్రోన్లను ఇరవై ఏళ్లపాటు నడపడానికయ్యే ఖర్చు అక్షరాలా సున్నా అని మంత్రిగారు మైకులో ప్రకటించగానే, చప్పట్లకు హాలు పైకప్పు లేచిపోయినంత పనైంది. వెనక వరుసలో కూర్చున్న అంచనాల గుమాస్తా మాత్రం కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు. ఆ సున్నా చుట్టింది అతనే మరి.

తప్పు అతనిది కాదు, ఫారానిది. మహామేధావులు తయారుచేసిన ఆ ఫారంలో ప్రతి డ్రోన్‌కీ రెండే గడులు: ‘దిగినది’, ‘ఎగురుచున్నది’. నిరుడు ఓడలకిచ్చిన పన్నెండూ నెల తిరక్కుండా సముద్రంలో పడ్డాయి. ఓడ మీద దిగలేదు కాబట్టి ఎగురుతున్నట్టే. పదకొండు నెలలుగా ఆగకుండా ఎగురుతున్నవాటికి బ్యాటరీలెందుకు, రిపేర్లెందుకు? అంచనా వెయ్యబోయి మంచాన పడేలా ఉన్నానని, ఇరవై ఏళ్లకీ సున్నాలు పెట్టేసి ఇంటికెళ్లాడు.

సభ ముగియగానే అక్కమొగుడు ఫోన్ చేశాడు. ఆయన గస్తీ ఓడకి కెప్టెన్.

“బామ్మర్దీ, ముందు నీళ్లున్నాయో రాళ్లున్నాయో పైనుంచి చూసేది లేక, కళ్లకి గంతలు కట్టుకుని నడుపుతున్నానోయ్. ఒక్క డ్రోన్ ఇప్పించు. మీ అక్క మొహం చూసైనా!”

గుమాస్తా ఫైలు పట్టుకుని డైరెక్టరు గదిలోకి పరిగెత్తాడు.

“సార్, అవన్నీ మునిగిపోయాయి. ‘మునిగినది’ అని మూడో గడి పెట్టిద్దాం సార్.”

డైరెక్టరు డైరెక్టుగానే చెప్పాడు. “మంత్రిగారు ఎగురుతున్నాయన్నాక మునగడానికి వాటికెన్ని గుండెలయ్యా? పైన పన్నెండు తిరుగుతుంటే పదమూడోదెందుకు, ట్రాఫిక్ జామ్‌కా? ఆ గడి పెడితే ముందు మునిగేది నువ్వే.”

గుమాస్తాకి పెన్షన్ కళ్లముందు మెదిలింది. ఫైలు మూసేశాడు.

మూడో రోజు పొద్దున్నే కెప్టెన్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వెనక ఆరుగురు సిబ్బంది, ఆరుగురూ ఆరని బట్టల్లోనే.

“రాయి తగిలిందోయ్. ఓడ మునిగింది. అందరం ఈదుకుంటూ ఒడ్డున పడ్డాం.”

“బతికొచ్చావు, అదే చాలు బావా!” అని గుమాస్తా వాటేసుకుని తనూ తడిసిపోయాడు. ఆనక కళ్లు తుడుచుకుని ఓడల రిజిస్టరు తెరిచాడు. అక్కడా రెండే గడులు: ‘రేవులో ఉన్నది’, ‘గస్తీలో ఉన్నది’. బావ వంక చూశాడు. డైరెక్టరు తలుపు వంక చూశాడు. రేవులో అయితే లేదు. రెండో గడిలో టిక్కు పెట్టాడు.

అంతలో డైరెక్టరు బయటికొచ్చి, రిజిస్టరు చూసి, నేలమీది మడుగు చూసి, మండిపడ్డాడు.

“ఓడ గస్తీలో ఉంటే మీరిక్కడేం చేస్తున్నారు కెప్టెన్? సెలవు చీటీ ఏదీ?”