నూరు కిలోమీటర్ల పొదుపు

ఒక పెద్ద అడవిలో పులులు తక్కువ, కమిటీలు ఎక్కువ.

ఆ ఏడు ఎండలకు తూర్పు గుట్ట మీద చెలమలన్నీ ఎండిపోయాయి. దుప్పి పోలమ్మ రెండు పిల్లలకీ నాలుకలు బయటికొచ్చాయి. వాగు నాలుగు కిలోమీటర్లే. కానీ దారిలో లోయ, లోయలో చిరుత కాపురం.

"పికప్ బండి కొని డ్రమ్ములతో నీళ్లు తోలిస్తాం" అన్నాడు అడవి ప్రెసిడెంటు, ఎలుగుబంటి భీమలింగం.

పోలమ్మ దణ్ణం పెట్టింది. అదే ఆమె చేసిన పొరపాటు. దణ్ణం అందుకున్నాక పెద్దలు పని అయిపోయిందనుకుంటారు.

పెట్రోలు బండా, డీజిలు బండా? తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ అంటే నక్క కార్యదర్శి గవరయ్య, ఆయన కళ్లద్దాలు. ఇరవై రోజులు లెక్కలు కట్టాడు.

"డీజిలు బండి లీటరుకు పదహారు కిలోమీటర్లు ఇస్తుందండీ. పెట్రోలుది పన్నెండే. కాకపోతే డీజిలు బండి ఖరీదు లక్షన్నర ఎక్కువ."

"నాలుగు కిలోమీటర్ల దారికి ఏదైతేనేం బాబూ?" అంది పోలమ్మ. "చవకది తెండి. రేపే తెండి. నా చిన్నది నిలబడలేకపోతోంది."

"నీకు మైలేజీ అంటే తెలుసా?"

"దాహమంటే తెలుసు."

భీమలింగం డీజిలుకే సంతకం పెట్టాడు. దాని చప్పుడు పెద్దది. ఆయనకు అదే నచ్చింది.

మొదటి రోజు బండి ఐదు ట్రిప్పులు తిరిగింది. గుట్ట మీద పిల్లలు గంతులేశాయి. సాయంత్రం గవరయ్య మీటరు చూసి గుండె పట్టుకున్నాడు.

"నలభై కిలోమీటర్లేనా! అయ్యా, ఎక్కువ పెట్టిన లక్షన్నర రాబట్టాలంటే రోజుకు నూరు తిరగాలి. ఇలాగైతే డీజిలు గిట్టదు."

"మరెలాగయ్యా?"

"అడవి చుట్టూ తోలిద్దాం. పోను యాభై, రాను యాభై. ఎంత తిరిగితే అంత మిగులు."

"శభాష్!" అన్నాడు భీమలింగం.

మర్నాటి నుంచి రోజుకు ఒకటే ట్రిప్పు. చుట్టుదారిలో గుట్ట వెనక ఎక్కుడు దారంతా గతుకులే. వదులు మూతల్లోంచి ఒలికిపోయి, పైకొచ్చేసరికి డ్రమ్ముల అడుగున చెంబెడు నీళ్లుండేవి.

"దగ్గరి దారిన వస్తే జీతం కోస్తారక్కా" అని డ్రైవరు కోతి అప్పన్న తల దించుకున్నాడు.

పోలమ్మ అదే బండెక్కి ఆఫీసుకు వెళ్లింది. గవరయ్య సంబరంగా పుస్తకం తెరిచాడు. "ఎంత మిగిలిందో చూడు!"

"ఆ మిగిలింది నా పిల్లల నోట్లో పోస్తావా?" అని వెనుదిరిగింది.

పదో రోజు ప్రెసిడెంటూ కార్యదర్శీ నీళ్ల బండిలోనే తనిఖీకి బయల్దేరారు. గుట్ట వెనక, ఎక్కుడు మొదట్లోనే, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నెలంతా రావలసిన డీజిలు ఖాళీ.

"మిగిలిందన్నావుగా, దాంతో పోయించు!" అని అరిచాడు భీమలింగం.

"మిగిలిందండీ. అయితే అది ఖర్చుపెట్టడానికి పనికొచ్చే మిగులు కాదు."

పోలమ్మ పైనుంచి అంతా చూసింది. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. మందనంతా కిందికి దించింది. గతుకులు తగలకముందే బండి ఆగింది కదా, డ్రమ్ముల్లో నీళ్లు సగానికి పైనే ఉన్నాయి.

"ఆగు! పంపిణీ గుట్ట పైనే జరగాలి. రూలుంది!" అన్నాడు భీమలింగం.

"మీరు పైకెళ్లి రూలుకు కాపలా ఉండండి" అని పోలమ్మ తలతో ఒక్క పోటు పొడిచి మూత ఎగరగొట్టింది. చిన్నది ముక్కు దాకా నీళ్లలో ముంచి గుటగుటా తాగింది.

ఎండ నెత్తికెక్కింది. కాసేపటికి భీమలింగం గొంతు తగ్గించి, "నాక్కూడా ఓ గుక్క, పోలమ్మా" అన్నాడు.

"పిల్లలు తాగాక చూద్దాం."

నీతి: పొదుపు కమిటీ ఉన్నచోట నీళ్లు దొరకాలంటే, బండి ఆగిపోవాలనే మొక్కుకోవాలి.