ముల్లుకి అడ్డం పెట్టిన ఫోను

ఆ ఇంటాయన్ని వీధిలో అందరూ సర్వజ్ఞుడనే అనేవారు. ఎదురుగా కాదులెండి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. ఇంట్లో కారు నడపడం వచ్చినవాడు తానొక్కడేనని ఆయనే తీర్మానించేశాడు. పెళ్లికి ముందు పుట్టింట్లో సరుకుల వ్యాను నడిపేదాన్నని భార్య చెబితే, "అదీ ఒక నడపడమేనా" అని కొట్టిపారేశాడు.

ఆవేళ ఆవిడకి యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి పిలుపు. ఏళ్ల తరబడి మిషను తొక్కి తొక్కి ఆశపెట్టుకున్న పని. "ఆలస్యమైతే ఇక రానక్కర్లేదు" అని మేనేజరు ముందే చెప్పాడు. ఆటోలో పోతానంటే సర్వజ్ఞుడు వింటేనా? పనిలో పనిగా మోకాళ్ల డాక్టరుకి చూపిస్తానని తల్లిని కూడా వెనక సీట్లో ఎక్కించుకుని బయల్దేరాడు.

సగం దారిలో ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పాకింది.

"ఏమండీ, ముల్లు చూడండి. పక్కకి తీసి ఇంజను ఆపేయండి," అంది భార్య.

"ఇంజనన్నాక వేడెక్కదా? చల్లగా ఉండటానికి అదేమన్నా మంచినీళ్ల కుండా?"

"పోనీ ఏసీ ఆపి హీటరన్నా పెట్టండి. ఇంజను వేడి కొంత లాగేస్తుంది."

"విన్నావా అమ్మా, జ్వరమొచ్చినవాడికి కంబళి కప్పమంటోంది."

"వాడికి తెలుసులే, నువ్వూరుకో అమ్మాయ్," అంది అత్తగారు, అలవాటు ప్రకారం.

ముల్లు కనబడితేనే కదా పేచీ అని, ఆయన తన ఫోను తీసి దానికి అడ్డంగా నిలబెట్టాడు. ఒళ్లు కాలుతుంటే థర్మామీటరు దాచే వైద్యమన్నమాట. కాసేపటికి బానెట్టులోంచి ఆవిరి బుసకొట్టింది. బండి ఆయన ఆపలేదు, అదే ఆగింది. దిగీ దిగగానే రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోతే, భార్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"మరిగే నీళ్లు మొహాన కొడతాయండీ. చల్లారనివ్వండి."

"నువ్వా నాకు చెప్పేది? మెకానిక్కుని తెస్తాను. ఏదీ ముట్టుకోకు," అని విదిలించుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ నీడన కూర్చుని ఓపిగ్గా ఆగింది. బానెట్టు చేతికి చల్లగా తగిలాక, గుడ్డతో మూత మెల్లగా తిప్పి చూస్తే లోపల చుక్క లేదు. నీళ్లు పోయడం సర్వజ్ఞుడి శాస్త్రంలో లేదు మరి. పక్క కొట్లో సీసాలు కొని నింపింది. మొగుడికి ఫోను చేస్తే అది ముల్లు ముందే మోగింది. సరే, కొట్టతనికి కబురు చెప్పి, బండికే వదిలేసిన తాళం తిప్పి, హీటరు పెట్టి, అద్దాలు దించి, నింపాదిగా బయల్దేరింది.

"నీకు బండి నడపడం వచ్చుటే?" అంది అత్తగారు నోరు తెరిచి.

"చెప్పానుగా అత్తయ్యా, కాఫీలిచ్చినప్పుడల్లా."

ఇక్కడ సర్వజ్ఞుడు మెకానిక్కుతో తిరిగొచ్చేసరికి కారు లేదు. కొట్టతను నోరు తెరవబోతే, "మీరాగండి, నాకు తెలుసు" అని పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. భార్యకి స్టీరింగు పట్టుకోవడమే రాదు కనక, ఇది కచ్చితంగా దొంగల ముఠా పనేనట. పోయినవి ఏమిటయ్యా అంటే కారు, ఫోను, అమ్మ, భార్య. ఆ వరసలోనే చెప్పాడు.

ఫోను సిగ్నలు పట్టుకుని వచ్చిన పోలీసు జీపు ఫ్యాక్టరీ గేటు దగ్గర కారుకి అడ్డం పడింది. గేటు మూసే వేళ దగ్గరపడింది.

"ఎత్తుకుపోయిన పెద్దావిడ ఎవరు?" అన్నాడు ఎస్సై.

"నేనే నాయనా. నన్నెవరూ ఎత్తుకుపోలేదు, కోడలు తీసుకొచ్చింది. రోడ్డు మీద వదిలేసి పోయినవాడు ఆ జీపులో కూర్చున్నాడు. ఏమన్నా అడగాలంటే వాణ్ణి అడగండి. దాన్ని లోపలికి పోనివ్వండి, ఉద్యోగం ఉంది."

ఎస్సై సర్వజ్ఞుడి వైపు తిరిగాడు. సర్వజ్ఞుడు జీపు కప్పు వైపు చూశాడు. ఆవిడ గేటు దాటింది.

ఉద్యోగంతో బయటికొచ్చేసరికి మొగుడు కారు పక్కన నిలబడి తాళాల కోసం చెయ్యి చాపాడు. అత్తగారు అప్పటికే ముందు సీట్లోకి మారి కూర్చుంది.

"వెనక కూర్చోరా. తలుపు మెల్లగా వెయ్యి."

డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఆయన బండి ఎలా నడపాలో చెబుతూనే ఉన్నాడు. ఇంజను మాత్రం వేడెక్కలేదు.