రెండో నంబరు

ఇనుప గనుల బచేలీ టౌన్‌షిప్‌లోని తెలుగు కుటుంబాల సంఘానికి ఫోన్ సందేశాలు పంపే ప్రోగ్రాం రాసింది అరుణే. అందులో ఒకటి అంటే సన్మానం, రెండు అంటే సంతాపం, మూడు అంటే నీళ్ల బంద్. నంబరుతో పాటు పేరు, టైము ఇస్తే ముందే రాసి ఉన్న మాటల్లో అవి చేరి అందరికీ వెళ్తాయి. "ఆర్నెల్లు పోతే ఏ నంబరు ఏందో నీకే యాదుండదు. ఎనమ్ అని పేర్ల పట్టీ పెట్టి, నంబర్లకు బదులు పేర్లు రాయరాదా?" అని అతనితో పనిచేసే, నందే అనే బాసగూడ అమ్మాయి ఎన్నోసార్లు చెప్పింది. "అన్నీ నా బుర్రలో ఉన్నాయిలే" అనేవాడు అరుణ్.

ఆ ఉదయం అతనికున్న పని ఒక్కటే. ముప్ఫై ఆరేళ్లు గనిలో డంపర్ నడిపి రిటైరైన యేసుపాదం గారికి సాయంత్రం అయిదింటికి సన్మానం. దానికి అందరినీ పిలవాలి. టీ తాగుతూ కోడ్‌లో రెండు కొట్టి పంపేశాడు.

పది నిమిషాల్లో పక్కవీధి అప్పలకొండమ్మ ఏడుస్తూ యేసుపాదం గారి గుమ్మం ఎక్కింది. తలుపు తీసింది ఆయనే, నోట్లో బ్రష్‌తో.

"నువ్వు పోయావంట కదా బాబూ," అంది ఆవిడ.

"ఎక్కడికెల్లాను? ఇంట్లోనే ఉన్నాను," అన్నాడాయన.

సంగతి తెలిసి అరుణ్ మళ్లీ కోడ్ తెరిచాడు. రెండు తప్పు కాబట్టి మూడే అయి ఉంటుందనుకుని, అది కొట్టాడు. నాలుగు వందల ఇళ్లలో ఫోన్లు మోగాయి: "సాయంత్రం అయిదు దాకా యేసుపాదం రాదు. బిందెలు నింపుకోండి."

శవం అయిదింటికి వస్తుందనీ, తర్వాత స్నానాలకు నీళ్లు పట్టుకోమంటున్నారనీ అందరికీ అర్థమైంది. పక్క ఊరు కిరందుల్ నుంచి రెండు జీపుల నిండా దండలు బయల్దేరాయి.

నందే వచ్చి తెర వైపు చూసింది. "ఈ మూడు ఏంది?"

"సన్మానం."

"నీళ్ల బంద్, భయ్యా."

ఆమె మూడు నంబర్లూ తీసేసి మూడు పేర్లు పెట్టింది. ఇప్పుడు ఆ వరుసలో "పంపు: సన్మానం, యేసుపాదం" అని ఉంది. అరుణ్ రెండుసార్లు చదివాడు. "చదివితే తెలిసిపోతోంది," అన్నాడు చిన్నగా. సరైన పిలుపు వెళ్లింది గానీ, అప్పటికి సంఘం మాట నమ్మేవాళ్లెవరూ మిగల్లేదు.

అయిదింటికి యాభై కుర్చీల హాల్లో నాలుగు వందల మంది నిలబడ్డారు. వేదిక మీద యేసుపాదం గారు నిక్షేపంగా కూర్చుని ఉన్నారు. పొద్దుటి సందేశం నమ్మిన సంఘం కార్యదర్శి చేతిలో ఉన్నది సంతాప ప్రసంగమే. వేరేది లేక అదే చదివాడు. అలాంటి మనిషి మళ్లీ పుట్టడన్నాడు. ఆ తర్వాత మరో తొమ్మిది మంది ఆయన మంచితనం చెప్పుకుని ఏడ్చారు.

తిట్లకు సిద్ధపడి చివరి వరుసలో నక్కిన అరుణ్‌ను యేసుపాదం గారు దగ్గరకు పిలిచారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్నోడు ఒక్కడూ లేడు బాబూ. బతికుండగా అన్నీ ఇన్నాను."

వచ్చే నెల రిటైరవుతున్న కార్యదర్శి మర్నాడు పొద్దున్నే వచ్చి, తన సన్మానానికీ సంతాపమే పంపమని నందే చెవిలో చెప్పి వెళ్లాడు.